‘వెళ్ళాడు లేదు’ అని ఎవరూ అనరు

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు మా మేనకోడలి ఇంగ్లీషు నోట్‌బుక్కు నా చేతికొచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. ‘మై ఫాదర్’ అని పది వాక్యాలు రాయమన్నారట, తను పన్నెండు రాసింది. పన్నెండింటి మీదా ఎర్ర సిరా ఉంది. మాటల చుట్టూ సున్నాలు, మధ్యలో కొట్టివేతలు, అడుగున ‘ఇంప్రూవ్ యువర్ గ్రామర్’ అని రాసి సంతకం. ఏది ఎందుకు తప్పో మాత్రం ఎక్కడా రాసి లేదు.

నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘మై ఫాదర్ డిడ్ నాట్ వెంట్ టు ఫీల్డ్ యెస్టర్‌డే బికాజ్ రెయిన్ ఈజ్ కమింగ్.’ నిన్న వాన వస్తోందని నాన్న పొలం వెళ్ళలేదు. తను చెప్పాలనుకున్న మాట ఎంత శుభ్రంగా ఉందో చూడండి. మా తమ్ముడు ఆ రోజు నిజంగానే పొలం వెళ్ళలేదు, ఇంట్లోనే ఉండి గేదెల పాక రేకులు సరిచేసుకున్నాడు. పిల్ల తన కళ్ళతో చూసింది, చూసినదాన్ని రాసింది. ఆ ఒక్క వాక్యంలోనే మూడు సున్నాలు పడ్డాయి.

రెండు పేజీలు తిప్పితే ‘మై స్కూల్’ కనిపించింది. ఐదే వాక్యాలు. మై స్కూల్ ఈజ్ బిగ్. ఇట్ హాజ్ టెన్ రూమ్స్. ఐ లైక్ మై స్కూల్. గైడ్‌లో ఉన్నవి ఉన్నట్టు దించేసింది. ఒక్క తప్పూ లేదు. పెద్ద టిక్కు పెట్టి ‘గుడ్’ అని రాశారు. ఎర్ర సిరా పేజీ కంటే ఈ ‘గుడ్’ చూసే నాకు ఎక్కువ బాధేసింది. పన్నెండు వాక్యాలు సొంతంగా రాసిన పిల్ల ఐదు కాపీ వాక్యాల దగ్గరికి వచ్చి ఆగింది. వ్యాకరణం ఏమీ నేర్చుకోలేదు, నోరు మూసుకోవడం నేర్చుకుంది.

ఆ టీచర్‌ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నలభై నోట్‌బుక్కులు ఒక్క సాయంత్రం దిద్దాల్సిన మనిషి ఒక్కో తప్పుకీ కారణం రాస్తూ కూర్చోలేరు. నేను చెప్పదలుచుకున్నది వేరే. ఆ పిల్ల చేసిన తప్పుల్లో చాలావరకు తెలుగు సరిగ్గా వచ్చినందువల్ల వచ్చినవి. అలాంటప్పుడు తెలుగును గది బయట నిలబెట్టి ఇంగ్లీషును దిద్దబోతే అవి పోవు. రెండు వాక్యాలనూ ఎదురెదురుగా పెట్టి చూపిస్తే పోతాయి. అన్నీ పోతాయని అనడం లేదు, ఎక్కడ పోవో కూడా చెబుతాను.

పొలం వెళ్ళని నాన్న

ఆ రాత్రి వరండాలో మంచం మీద కూర్చుని తనని అడిగాను. “నాన్న పొలం వెళ్ళాడు. దీన్నే లేదు పెట్టి చెప్పు.”

“నాన్న పొలం వెళ్ళలేదు.”

“వెళ్ళాడు లేదు అనొచ్చుగా?”

పకపకా నవ్వింది. “అట్టా ఎవరంటారత్తా?”

“మరి నువ్వు రాసింది అదే.”

నవ్వు ఆగింది. నోట్‌బుక్కు లాక్కుని ఆ వాక్యం మళ్ళీ చదువుకుంది. డిడ్ నాట్ వెంట్. వేలితో ‘వెంట్’ మూసి చూసింది. అప్పుడు నేను చెప్పింది రెండు ముక్కలే. తెలుగులో ‘లేదు’ వచ్చి కూర్చోగానే ‘వెళ్ళాడు’లోని ‘ఆడు’ లేచిపోయి ‘వెళ్ళ’ మిగులుతుంది. ఇంగ్లీషులో ‘డిడ్’ వచ్చి కూర్చోగానే ‘వెంట్’లోని గతం లేచిపోయి ‘గో’ మిగులుతుంది. జరిగిపోయిందన్న సంగతి ‘డిడ్’ ఒక్కటే మోస్తుంది, రెండో మాట మోయక్కర్లేదు. తను అప్పటికప్పుడు ‘డిడ్ నాట్ ఈట్’, ‘డిడ్ నాట్ కమ్’ అని అరడజను చెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు.

ఇదే పాఠం తనకి బడిలో ఆరో తరగతి నుంచీ చెబుతున్నారు. ‘డిడ్ తర్వాత వి వన్ ఫామ్ (గో, ఈట్ లాంటి మొదటి రూపం) రావాలి’ అని బట్టీ కూడా పట్టింది, అడిగితే గడగడా అప్పజెప్పింది. అయినా రాసేటప్పుడు చెయ్యి ‘వెంట్’ మీదికే పోయింది. బట్టీ పట్టిన సూత్రానికీ రాసే చేతికీ మధ్య దారి లేదు. ‘వెళ్ళాడు లేదు’ విని నవ్వు వచ్చిందే, ఆ నవ్వే దారి అని నాకు అనిపించింది. తప్పు వినగానే గుర్తుపట్టే చెవి తనకి తెలుగులో పుట్టుకతో ఉంది. దాన్ని కాస్త ఇటు తిప్పితే చాలు.

ఈ పోలిక ఎంతవరకు సాగుతుందో కూడా చెప్పాలి. ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ‘వెళ్ళాడా?’ అన్నప్పుడు తెలుగులో గతం చెక్కుచెదరదు, చివర ఒక దీర్ఘం మాత్రం చేరుతుంది. అందుకే ‘డిడ్ హి వెంట్?’ అనేవాళ్ళని ఈ ఉపాయంతో దిద్దలేం. అక్కడ ‘డిడ్ ఎక్కడ కనిపించినా ఇదే’ అని చెప్పి ఊరుకున్నాను.

ఇక అదే వాక్యంలోని ‘రెయిన్ ఈజ్ కమింగ్’. ఇది నాకు మరీ ముచ్చటగా అనిపించింది. ‘వాన వస్తోందని వెళ్ళలేదు’ అంటాం. వెళ్ళకపోవడం నిన్న జరిగినా ‘వస్తోంది’ అలాగే ఉంటుంది, ఎందుకంటే మన ‘అని’ ఎదుటి మనిషి అనుకున్నదాన్ని అనుకున్నట్టే పట్టి తెస్తుంది. ఆ పొద్దున్నే నాన్న మనసులో అనుకున్న మాట ‘వాన వస్తోంది’. ఇంగ్లీషు ఆ మాటను కూడా నిన్నలోకి లాగేసి ‘ఇట్ వాజ్ రెయినింగ్’ అంటుంది. కథంతా నిన్నటిదైతే లోపలి మాట కూడా నిన్నటిదే కావాలి. దీన్ని మేనకోడలికి చెప్పడానికి పావుగంట పట్టింది, పూర్తిగా ఎక్కిందని అనుకోను.

మూడో సున్నా ‘టు ఫీల్డ్’ చుట్టూ ఉంది. ‘ద’ లేదు. ఎ, ద అనేవి మనవాళ్ళకి జన్మలో రావని అందరూ చేతులెత్తేస్తారు. తెలుగులో అలాంటివి లేవు గదా అంటారు. నిజమే, లేవు. కానీ చిన్నప్పుడు విన్న కథ గుర్తుచేసుకోండి. అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. మొదటిసారి ‘ఒక’, రెండోసారి ‘ఆ’. వినేవాళ్ళకి తెలియని రాజు తెలిసిన రాజు అయ్యాడు. ఎ కింగ్, ద కింగ్ చేసే పని చాలావరకు ఇదే. ‘ఒక’ అనగలిగితే ఎ, ‘ఆ’ అనగలిగితే ద అని మొదలుపెట్టించవచ్చు. తర్వాత సూర్యుడికీ చంద్రుడికీ ‘ద’ ఎందుకు, ‘గో టు స్కూల్’కి ఎందుకు వద్దు అన్నవి ఒక్కొక్కటిగా వస్తాయి. తొలి అడుగు మాత్రం ఆ ఏడుగురు కొడుకుల కథలో ఉంది, దాన్ని ఏ పిల్లాడికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

పద్ధతి ప్రకారం వచ్చే తప్పులు

పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో రాసిన ఒక వ్యాసంలో తప్పుల్ని రెండుగా విడదీశాడు. అలసటలోనో తొందరలోనో నోరు జారి వచ్చేవి ఒక రకం, వాటిని అన్నవాళ్ళే సర్దుకుంటారు. రెండో రకం ఒక పద్ధతి ప్రకారం మళ్ళీ మళ్ళీ వచ్చేవి. నేర్చుకుంటున్న మనిషి తన లోపల కట్టుకున్న వ్యాకరణానికి అవి ఆనవాళ్ళు. ఈ తేడా తెలిశాక నేను మెయిల్స్ దిద్దే తీరే మారిపోయింది. హైదరాబాదులో ఒక ఆఫీసులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. విదేశీ క్లయింట్లకు వెళ్ళే మెయిల్స్ చూసి పంపడం నా పనిలో ఒక భాగం. ఇన్నేళ్ళలో చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం పట్టుమని పది పన్నెండు రకాలే.

‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అందులో మొదటిది. ఐదేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. 2019 నుంచి పనిచేస్తున్నాను. రెంటికీ ‘నుంచి’ సరిపోతుంది కాబట్టి రెంటికీ ‘సిన్స్’ పెట్టేస్తాం. ‘మూడు గంటల నుంచి ఎదురుచూస్తున్నా’ అంటే మూడింటికి మొదలుపెట్టాడో మూడు గంటలు గడిచాయో తెలుగులోనూ తెలియదు, మనిషి మొహం చూసి తెలుసుకోవాలి. అయితే తెలుగులోనే దీనికి తాళంచెవి ఉంది. ‘ఐదేళ్ళుగా’ అనొచ్చు, ‘2019గా’ అనలేం. ‘గా’ పెట్టగలిగితే ఫర్, పెట్టలేకపోతే సిన్స్. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెబుతాను. ‘హావ్ బీన్ వర్కింగ్’ అనే భాగానికి మాత్రం నా దగ్గర ఏ తాళంచెవీ లేదు, అది పదిసార్లు రాసి అలవాటు చేసుకోవాల్సిందే.

‘ఐ హావ్ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే’ కూడా అంతే. పంపాను అన్న ఒక్క మాట మనకి రెండు పనులు చేస్తుంది. ఇంగ్లీషుకి రెండు వేర్వేరు రూపాలున్నాయి. ‘నిన్న’, ‘మొన్న’, ‘పోయిన వారం’ లాంటి మాట వాక్యంలో ఉంటే ‘హావ్’ తీసెయ్యమంటాను. అంతకు మించి వివరించబోతే ఎదుటివాళ్ళ కళ్ళు మూతలు పడతాయి.

‘ఐ డోంట్ అండర్‌స్టాండ్’ అనాల్సిన చోట ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్’ అనేవాళ్ళలో ‘ఐ యామ్ నాట్ నోయింగ్’ అన్నవాళ్ళని నేను ఎప్పుడూ వినలేదు. రెండూ ఒకే రకం తప్పే కదా, ఒకటి వచ్చి రెండోది ఎందుకు రాదు? ‘అర్థం కావట్లేదు’ అని తెలుగులో అంటాం, ఇప్పుడు జరుగుతున్న పనిలా. ‘తెలుసు’, ‘తెలియదు’ అన్నవి జరుగుతున్న పనిలా వినిపించవు. అందుకే ‘ఐ నో’ అన్నది ఎవరూ నేర్పకుండానే సరిగ్గా వస్తుంది. తప్పు ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో రెండూ తెలుగే చెబుతోంది. నా నమ్మకానికి ఇంతకంటే గట్టి ఆధారం నాకు దొరకలేదు.

‘హి ఓన్లీ టోల్డ్ మి’ అన్నది కొంచెం ప్రమాదకరమైనది. ఆయనే చెప్పాడు అని మన ఉద్దేశం. ఇంగ్లీషువాళ్ళకి అది ‘ఆయన నాకు చెప్పి ఊరుకున్నాడు, ఇంకేం చెయ్యలేదు’ అన్నట్టు వినిపించే వీలుంది. తెలుగులో ఒక్క ఏత్వంతో అయిపోయే పనికి ఇంగ్లీషులో వాక్యాన్నే తిరగరాయాలి, ‘హి ఈజ్ ద వన్ హూ టోల్డ్ మి’ అని. ‘నౌ ఇట్సెల్ఫ్’ కూడా ఇప్పుడే లోని ఏత్వమే. దానికి ‘రైట్ నౌ’ ఉంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మా ఆఫీసులో ఒక కుర్రాడు మేనేజరు గురించి చెప్పేటప్పుడు ‘సార్ సెడ్ సార్ విల్ కమ్ ఆఫ్టర్ సార్స్ లంచ్’ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతనికి ‘హి’ అన్న మాట రాక కాదు. పెద్దవాళ్ళని ‘హి’ అంటే ‘వాడు’ అన్నట్టు నోరు తిరగలేదు. ‘ఆయన వచ్చారు’ అని బహువచనం పెట్టి పెరిగిన నోరది. దాన్ని వ్యాకరణ దోషంగా దిద్దబోతే ఎప్పటికీ దిగదు. ఇంగ్లీషు ‘హి’లో వాడు, అతను, ఆయన ముగ్గురూ ఉన్నారనీ, ప్రధానమంత్రిని కూడా అదే మాటతో చెబుతారనీ, అందులో చిన్నతనం లేదనీ చెప్పాలి. అతనికి అలా చెప్పాక నాలుగు రోజులు మొహమాటపడి, ఐదో రోజు నుంచి ‘హి’ అంటున్నాడు.

ఒక ‘యెస్’ ఖరీదు

రెండేళ్ళ కింద జరిగింది ఇది. అవతలి దేశం నుంచి క్లయింటు ఫోన్ చేసి మా సహోద్యోగిని అడిగాడు, ‘డిడన్ట్ యు సెండ్ ద ఫైల్?’ అని. ఇతను ‘యెస్’ అన్నాడు. అవును, పంపలేదు అని ఇతని అర్థం. పంపాను అని అవతలివాళ్ళకి అర్థమైంది. పంపాడనుకుని వాళ్ళు వాళ్ళ రోజంతా ఎదురుచూశారు, మధ్యలో ఇతను అది సోమవారం పంపితే చాలనుకుని ఇంటికెళ్ళిపోయాడు. తెల్లారాక వచ్చిన మెయిల్‌లో ‘అబద్ధం’ అన్న మాట లేదు గానీ అదే ధ్వని ఉంది. ఆ రోజు అతను ఎంత టెన్షన్ పడ్డాడో పక్క సీట్లో ఉండి చూశాను. మధ్యాహ్నం బాక్సు కూడా తెరవలేదు.

“పంపలేదా?” అని అడిగితే “అవునండీ, పంపలేదు” అనడం తెలుగులో మామూలే. “లేదండీ” అని కూడా అంటాం, రెండూ నడుస్తాయి. ‘అవును’ అన్నప్పుడు ఎదుటి మనిషి అన్న మాట నిజమే అని ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీషు ‘యెస్’కి ఎదుటి మనిషితో పని లేదు, జరిగిందా లేదా అన్నదే చూస్తుంది. పంపితే యెస్, పంపకపోతే నో, ప్రశ్న ఎటువైపు నుంచి వచ్చినా సరే. ఆ వారం టీమ్ అందరినీ కూర్చోబెట్టి దీన్ని చెబితే, పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా ‘ఇది మాకు ఎవరూ చెప్పలేదే’ అన్నారు. ఎందుకు చెబుతారు? ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్ళు రాసిన వ్యాకరణ పుస్తకంలో ఇది తప్పుగా తోచదు, కాబట్టి ఆ పుస్తకంలో సాధారణంగా ఉండదు. తెలుగు తెలిసిన మనిషికే ఈ గొయ్యి ఎక్కడుందో కనిపిస్తుంది.

అప్పటి నుంచి మా దగ్గర ఒక అలవాటు ఉంది. అలాంటి ప్రశ్నకి యెస్, నో ఏదీ అనకుండా పూర్తి వాక్యం చెప్పేస్తాం. ‘వి హావ్ నాట్ సెంట్ ఇట్ యెట్.’

ప్రిపోన్ జోలికి నేను పోను

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. మనది భారతీయ ఇంగ్లీషు, దాన్ని ఎందుకు దిద్దాలి, ఎవరి కొలతలతో దిద్దాలి అని. కశ్మీర్‌లో పుట్టి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన బ్రజ్ కచ్రూ 1985లో ఇంగ్లీషు ప్రపంచాన్ని మూడు వలయాలుగా (ఇంగ్లీషు సొంత భాషైన దేశాలు, రెండో భాషగా వాడే దేశాలు, పరాయి భాషగా నేర్చుకునే దేశాలు) గీసి, భారతదేశంలాంటి దేశాల ఇంగ్లీషుకి దాని సొంత గౌరవం ఉందని వాదించాడు. నేను ఆ మాటతో ఏకీభవిస్తాను. ‘ప్రిపోన్’ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి కూడా ఎక్కింది, పోస్ట్‌పోన్‌కి ఎదురుగా అంత చక్కటి మాట ఇంకోటి లేదు. ‘కజిన్ బ్రదర్’ అన్నా, ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ అన్నా నేను ఎర్ర పెన్ను తియ్యను. బావనీ, పెదనాన్న కొడుకునీ ఒకే ‘కజిన్’లో కుక్కెయ్యడం మనవాళ్ళకి నచ్చక కాబోలు, పక్కన ‘బ్రదర్’ చేర్చుకున్నారు.

మరి ‘డిడ్ నాట్ వెంట్’ని ఎందుకు దిద్దాలి? దీని మీద చాలాకాలం తేల్చుకోలేకపోయాను. అర్థం మారడం లేదు, అమెరికావాడికైనా తెలుస్తుంది. చివరికి నా మటుకు నేను గీసుకున్న గీత ఇది. దేశంలో బాగా చదువుకున్నవాళ్ళు తమలో తాము రాసుకునేటప్పుడు కూడా వాడుకునే మాట అయితే అది మన ఇంగ్లీషు, ఉండనిస్తాను. బాగా చదువుకున్నవాళ్ళు రాసుకోనిదీ, ఇంటర్వ్యూలో ఆ పిల్లని వెనక్కి నెట్టేదీ అయితే దిద్దుతాను. ఈ గీతలో అన్యాయం ఉంది, నాకు తెలుసు. ఎవరు బాగా చదువుకున్నారో, ఆ చదువు ఎవరికి అందిందో అన్న ప్రశ్నలన్నీ దాని వెనక ఉన్నాయి. అయినా ‘ఇది కూడా ఒక ఇంగ్లీషేలే’ అని మా మేనకోడలికి చెప్పి పంపిస్తే, రేపు ఉద్యోగం ఇవ్వనివాళ్ళు నా వ్యాసం చదివి మనసు మార్చుకోరు. నేను చేయగలిగింది దిద్దడం, దిద్దేటప్పుడు ఆమెని చిన్నబుచ్చకపోవడం.

అర్థం దెబ్బతినే చోట మాత్రం ఏ మొహమాటమూ పెట్టుకోను. ‘ఐ హావ్ సమ్ డౌట్స్ ఇన్ యువర్ డాక్యుమెంట్’ అని మనవాళ్ళు రాస్తారు. కొన్ని సందేహాలు తీర్చండి అని అడుగుతున్నారు. అవతల చదివేవాళ్ళకి మీ డాక్యుమెంటు మీద మాకు నమ్మకం లేదు అన్నట్టు తోస్తుంది. ఆ మాటని ‘క్వశ్చన్స్’ అని మార్చకుండా ఒక్క మెయిల్ కూడా బయటికి పంపను.

నా వాదన ఎక్కడ నిలవదు

‘షి గో టు స్కూల్’. ఈ తప్పు ముందు నా సిద్ధాంతం కూలబడుతుంది. వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు, వెళ్తాను, వెళ్తావు, వెళ్తాం. ఇన్ని రూపాల్ని ఒక్కటీ తప్పకుండా వాడే పిల్లలు, ఇంగ్లీషు అడిగే ఒకే ఒక్క ‘ఎస్’ని ఎందుకు వదిలేస్తారు? తెలుగు ప్రభావమే అయితే ఈ తప్పు అసలు రాకూడదు. నిజానికి ఏ దేశంలో ఏ భాష మాట్లాడేవాళ్ళైనా ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు ఈ ‘ఎస్’ని వదిలేస్తూనే ఉంటారు. మాతృభాషకీ కొత్త భాషకీ తేడా ఉన్నచోటే కష్టమంతా అని రాబర్ట్ లాడో అనే భాషాశాస్త్రవేత్త 1957లో వాదిస్తే, అన్ని తప్పులూ అక్కడి నుంచి రావని తర్వాతివాళ్ళు చూపించారు. వాళ్ళ మాటే నిజం. కొన్ని తప్పులు ఇంగ్లీషులోనే పుడతాయి, వాటికి కాలమే మందు.

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ కూడా తెలుగు తప్పు కాదు. ‘నా ఫ్రెండ్స్‌లో ఒకడు’ అనే అంటాం, అక్కడ బహువచనం ఉంది. వింత ఏమిటంటే, తెలుగువల్ల రాని ఈ తప్పుని తెలుగుతో దిద్దవచ్చు. ‘నా ఫ్రెండ్‌లో ఒకడు’ అంటావా అని అడిగితే చాలు.

తెలుగు ఇంటిభాష కాని పిల్లల సంగతి ఇంకా పెద్దది. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు, గోండీ, కోయ మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు అదే తరగతిలో ఉంటారు. వాళ్ళకి తెలుగే రెండో భాషో మూడో భాషో. ‘వెళ్ళాడు లేదు’ విని వాళ్ళకి మా మేనకోడలికి వచ్చినంత నవ్వు రాకపోవచ్చు. వాళ్ళ భాష తెలిసిన మనిషే వాళ్ళకి అలాంటి వాక్యం వెతికి పెట్టాలి. నా దగ్గర అది లేదు.

అందరూ చెప్పే ఇంకో మాట, ఇంగ్లీషులోనే ఆలోచించమని. తెలుగులో ఆలోచించి మార్చుకుంటూ కూర్చుంటే మాట తడబడుతుందట. మాట్లాడేటప్పుడు అది కొంతవరకు నిజమే. కానీ రాని భాషలో ఆలోచించడం ఎలాగో ఎవరూ చెప్పరు. తెలుగు నేర్చుకోవాల్సి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు ఏం చేశారో చూడండి. బ్రౌను దొర 1840లో అచ్చువేసిన తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో ఉంది. ఆర్డెన్ 1873లో రాసినదీ ఇంగ్లీషులోనే ఉంది. తమకి తెలిసిన భాష మీద నిలబడి తెలియని భాష వైపు చెయ్యి చాపారు. వాళ్ళకి పనికొచ్చిన పద్ధతి మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి ‘క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్’ అయిపోయింది.

ప్రభుత్వ బడులు ఇంగ్లీషు మీడియంలోకి మారాక, ఆంధ్రలో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు. లెక్కలకీ సైన్సుకీ పనికొస్తున్న ఆ ఎదుటి పేజీని ఇంగ్లీషు వ్యాకరణానికి కూడా వాడుకోవాలని నా కోరిక. అనువాదం కోసం అడగడం లేదు. ‘వెళ్ళాడు లేదు’ లాంటి ఒక వాక్యం, ‘గా పెట్టి చూడు’ లాంటి ఒక చిట్కా ఆ పేజీలో ఉంటే, నలభై నోట్‌బుక్కులు దిద్దే టీచరుకి కూడా కారణం రాయాల్సిన పని తప్పుతుంది. పేజీ నంబరు వేస్తే చాలు.

దిద్దేటప్పుడు

నేను ఇప్పుడు పాటిస్తున్నవి చెబుతాను. ఒక కాగితంలో ఎన్ని తప్పులున్నా ఒక్క రకం మాత్రమే దిద్దుతాను. ఆ రకం పోయాకే ఇంకోటి. మిగతావి కనిపిస్తూనే ఉంటాయి, చెయ్యి దురదపెడుతూనే ఉంటుంది, ఆపుకుంటాను. అర్థం మార్చే తప్పు ఉంటే ముందు అది. సరైన వాక్యం నేను రాసి ఇవ్వను, తెలుగు వాక్యం ఒకటి పక్కన రాసి వెనక్కిస్తాను. ‘టెల్ మి వేర్ ఆర్ యు గోయింగ్’ అని రాసినవాళ్ళకి ‘ఎక్కడికి వెళ్తున్నావు?’, ‘ఎక్కడికి వెళ్తున్నావో చెప్పు’ అని రెండూ రాసి, చివరి ‘ఓ’ కింద గీత గీస్తాను. ఆ ‘ఓ’ పలికే చోట ఇంగ్లీషులో ‘ఆర్’ ముందుకి రాదు. ‘వేర్ యు ఆర్ గోయింగ్’ అని వాళ్ళే మార్చుకుంటారు. సొంతంగా రాసిన వాక్యం ఏదైనా ఉంటే, తప్పున్నా సరే, దాని పక్కన ఒక టిక్కు పెడతాను.

మొన్న రాత్రి మేనకోడలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. ‘మై ఫాదర్’ మళ్ళీ రాస్తోందట, ఈసారి పద్నాలుగు వాక్యాలు. మధ్యలో ఒక అనుమానం వచ్చిందట. “అత్తా, డిడ్ నాట్ గో అన్నావు గదా. మరి హాజ్ నాట్ గాన్ అని పుస్తకంలో ఉంది. నాట్ వచ్చినా గాన్ ఎందుకు గో కాలేదు? మనకి రెండూ వెళ్ళలేదే గదా?”

వెంటనే జవాబు తోచలేదు. రెండు రోజులు ఆలోచిస్తే ఆ ఎర్ర సిరా పేజీ గురించి నేను అనుకున్న మాటే గుర్తొచ్చింది. రాశాడు, రాయలేదు. కానీ రాసి ఉంది, రాసి లేదు. రెండో జతలో ‘రాసి’ కదలకుండా అలాగే ఉంది, మారింది ‘ఉంది’ ఒక్కటే. ‘గాన్’ కూడా ఆ ‘రాసి’ లాంటిదేమో. ‘రాసి లేదు’ అన్నది గోడ గురించో కాగితం గురించో చెప్పేది, రాసిన మనిషి గురించి కాదు, కాబట్టి పోలిక పూర్తిగా అతకదు. అయినా ఆదివారం ఫోన్ చేసి చెప్పి చూస్తాను. ఎక్కడ పొసగలేదో తనే చెబుతుంది.